తీగ సాగిన బీరు

మాధవ రావు కోరుట్లలో బ్రాండీ షాపు తెరిచిననాడు ఆయన చేతిలో ఉన్నవి ఇవి: గొల్లపల్లి అవతల సొంత ఊళ్లో ఎర్రజెండాలు పాతిన ముప్పై ఎకరాలు, అంటే కాగితం మీద తప్ప లేనట్టే. భార్య ఊర్మిళ గాజులు అమ్మి తెచ్చిన లైసెన్సు. బస్టాండుకు ఎదురుగా అద్దెకు దొరికిన రేకుల గది. అందులో ఒక పాత ఐసు పెట్టె. ఇవి కాక సాంబయ్య.

సాంబయ్య తాత, తండ్రి మాధవ రావు ఇంట్లో జీతం ఉన్నవాళ్లు. రైతు కూలీల సంఘం వచ్చాక ఆ జీతాలు పోయాయి. గడీ ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు చేత పట్టుకోవడమూ పోయింది. "సాంబిగా" అని పిలిచిన నోటికి "సాంబయ్యా" అనడం అలవాటైంది. మాధవ రావు గాలివాటం చూసి తూర్పారబట్టుకునే మనిషి. పోయినదాని కోసం ఏడుస్తూ కూర్చుంటే ఉన్నది కూడా పోతుందని నమ్మినవాడు. చివరకు ఊళ్లో ఆయనను అన్నలు ఉండనివ్వలేదు. తమ్ముడు అడవిలో వాళ్లతో కలిశాడని సాంబయ్యను పోలీసులు ఉండనివ్వలేదు. ఇద్దరూ ఒకే బస్సెక్కి కోరుట్లలో దిగారు.

"గడీల జీతం జెయ్యనని మా తమ్ముడు తుపాకి వట్టె. నేను నీ షాపుల సీసలు దుడుసుకుంట కూసుంటి. ఒక్క కడుపుల ఇద్దర్ని ఎట్ల కన్నదో మా అవ్వ," అనేవాడు సాంబయ్య, సీసాలు గుడ్డతో తుడుస్తూ.

"అప్పటి జీతం వేరు, ఇప్పటి జీతం వేరు గదరా."

"అవునవును. అప్పుడు తిట్టి పని జెప్తుండ్రి. ఇప్పుడు పని జెప్పి తిడ్తున్నరు."

మాధవ రావుకు నవ్వు వచ్చేది. ఆ నవ్వు ఊళ్లో ఉండగా ఎన్నడూ రాలేదు. షాపు వెనక గుడిసెలో సాంబయ్య భార్య ముత్తవ్వ బీడీలు చేసేది. ఆమెకు బిడ్డ పుట్టి పాలు పడనప్పుడు ఊర్మిళ ఏడాది పొడుగునా రోజూ పొద్దున్నే ఆవుపాలు గిన్నెలో పోసుకుని తనే గుడిసె దాకా నడిచి వచ్చి ఇచ్చిపోయింది. దొరసాని గుడిసె గడప దాకా రావడం కోరుట్లలో ఎవరికీ వింత కాదు, సొంత ఊరివాళ్లకు మాత్రం అది చెప్పుకునే ముచ్చట.

నాలుగేళ్లు అలా సాగింది. ఎనభై అయిదో సంవత్సరం ఎండాకాలంలో జగిత్యాల నుంచి, టోకు దుకాణం లారీలో, నలభై పెట్టెల బీరు వచ్చింది. వారం తిరక్కుండానే ఒక లారీ డ్రైవరు సగం తాగిన సీసా తెచ్చి బల్ల మీద కొట్టినట్టు పెట్టి, "ఏందిది, ఆముదమా?" అని అడిగి, ఇంకో సీసా తీసుకుని పోయాడు.

సాంబయ్య మిగిలిన సగాన్ని గ్లాసులోకి వంచాడు. బీరు పడినప్పుడు రావలసిన చప్పుడు రాలేదు. నూనెలా జారి దిగింది. నురుగు లేదు.

"దొరా, గిటు రా. గిది జూడు."

గ్లాసులో వేలు ముంచి పైకి లేపాడు. వేలితో పాటు సన్నటి తీగ లేచింది. తుమ్మబంక సాగినట్టు జానెడు సాగి తెగింది. మాధవ రావు వాసన చూశాడు. వెన్న కాచిన వాసన. తాగని మనిషి, అయినా సరుకు సరుకే కనుక ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాడు. పుల్లగా ఉంది. మింగిన తరువాత కూడా నోట్లో వెన్న జిడ్డు వదల్లేదు.

"పులిసింది," అన్నాడు సాంబయ్య. "లొట్టి మంచిగ కడుగకపోతే కల్లు గూడ గిట్లనే తీగ వడ్తది. మా ఊళ్లె తాగినోళ్లు మస్తు మంది. పాణానికేం గాదు గని, పైసలిచ్చి ఎవ్వడు తాగడు."

ఇద్దరూ కలిసి ప్రతి సీసానూ ఎండకు ఎత్తి పట్టి చూశారు. బాగున్న సీసాలో వెలుగు అటు నుంచి ఇటు వచ్చింది. చెడినదాంట్లో అడుగున తెల్లటి మడ్డి కదిలింది. పొద్దు వాలేదాకా చూస్తే పదకొండు పెట్టెలు చెడినట్టు తేలింది. మర్నాడు మాధవ రావు జగిత్యాల పోయి టోకు వ్యాపారిని అడిగాడు. ఎండలో పెట్టుకుని పాడుచేసుకున్నది వాపసు తీసుకునేది లేదన్నాడు ఆయన.

బస్సులో తిరిగి వస్తున్నప్పుడే మాధవ రావుకు ఆ ఆలోచన వచ్చింది. దాన్ని తెలివి అనుకున్నాడు.

ఊరి బయట మూతపడ్డ పల్లీ మిల్లులో పోలీసు క్యాంపు దిగి ఉంది. అంతా పరాయి జిల్లాల నుంచి వచ్చినవాళ్లు. శనివారం శనివారం వాళ్లకు రెండు పెట్టెల బీరు పంపాలి. అడిగినవాళ్లూ లేరు, కాదన్నవాళ్లూ లేరు, మామూలు అంతే. సాంబయ్యే రిక్షా మీద వేసుకుపోయి దించి వచ్చేవాడు.

"ఈసారి సంది చెడిపోయిన పెట్టెలు ఎయ్యి," అన్నాడు మాధవ రావు. "ఊకె తాగెటోళ్లకు మంచి సరుకెందుకు? ఐసుల బాగ నానబెట్టు. సల్లగుంటే నాలుకకు తెల్వది."

సాంబయ్య చేతిలోని గుడ్డ ఆగింది. "వద్దు దొరా. గాళ్లు తాగి ఊకునేటోళ్లు గాదు. అడుగుతరు."

"అడిగితే నేను జెప్పుకుంట."

"నా పేరు ముందే గాళ్ల కాయితంల ఉన్నది. తమ్ముని పాపాన రెండుసార్లు పోయి సంతకం వెట్టొచ్చిన. నా మీదికి రావొద్దు."

"ఎట్లొస్తది? నేనున్న గద."

సాంబయ్య గుడ్డ భుజాన వేసుకున్నాడు. పెట్టెలు ఐసులో పెట్టాడు.

మొదటి శనివారం ఏమీ కాలేదు. చల్లటి సీసాలు, ఎండలో తిరిగి వచ్చిన జవాన్లు, నాలుకలు రుచి అడగలేదు. మాధవ రావు తన తెలివికి తానే మెచ్చుకున్నాడు. రెండో శనివారం పొద్దున నుంచి కరెంటు లేదు, ఐసు ఫ్యాక్టరీ నడవలేదు. సాంబయ్య తడిపిన గోనెపట్టాలు కప్పి పెట్టెలు తీసుకుపోయాడు. ఆ రోజు క్యాంపులో యాటపోతును కోశారు. తిని, తాగి, ఒక జవాను వాంతులు చేసుకున్నాడు. ఇంకొకడు గ్లాసులోంచి తీగ లేవడం చూసి కేక వేశాడు. ఖాళీ సీసాల కోసం ఆగి, అప్పుడే రిక్షా తొక్కుకుంటూ గేటు దాటబోతున్న సాంబయ్యను వెనక్కి పిలిచారు.

ఆదివారం పొద్దున జీపు వచ్చి మాధవ రావును తీసుకుపోయింది.

మిల్లు వసారాలో బల్ల మీద ఒక సీసా, ఒక గాజు గ్లాసు ఉన్నాయి. సాంబయ్య గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. ఒక చెంప వాచి ఉంది. ఇన్‌స్పెక్టరు మర్యాదగానే కుర్చీ చూపించాడు.

"రావుగారూ, మీ షాపులోంచి వచ్చిన సరుకేనా ఇది?"

"మాదే సార్."

ఇన్‌స్పెక్టరు పెన్సిలు గ్లాసులో ముంచి పైకెత్తాడు. తీగ లేచింది.

"పెద్ద పెద్ద ప్రశ్నలేం లేవండీ. మీ దగ్గర్నించి బయల్దేరినప్పుడు ఇది బాగుందా, లేదా? అదొక్కటి చెప్పండి, వెళ్లిపోదురుగాని."

మాధవ రావు జీవితంలో అంత చిన్న ప్రశ్న ఎవరూ వేయలేదు. బాగులేదు అంటే, చెడిన సరుకని తెలిసీ పోలీసుల నోట్లో పోసినట్టు. లైసెన్సు ఆ సాయంత్రానికే పోతుంది, సాంబయ్య పక్కన నేల మీద ఇంకో మనిషికి చోటు దొరుకుతుంది. బాగుంది అంటే సాంబయ్యను ఇంకో రెండు రోజులు ఉంచుకుంటారు. రెండు రోజుల్లో పెద్దమనిషి ఎవరినైనా పట్టుకుని చెప్పించుకోవచ్చు. ఒక పక్క అంతా, ఒక పక్క రెండు రోజులు. అలా తూచాడు. తూకం అంత తొందరగా ఎన్నడూ ముగియలేదు.

"బాగనే ఉండె సార్."

ఇన్‌స్పెక్టరు తల ఊపాడు. "అయితే షాపుకీ క్యాంపుకీ మధ్యే ఇందులో ఏదో కలిసిందన్నమాట. మధ్యలో ఉన్నది ఒక్కడే."

"ఇసం గాదు సారు," అన్నాడు సాంబయ్య లేవబోతూ. "పులిసింది. కల్లు లెక్కనే. ఇగో జూడుండ్రి." ఎవరూ ఆపేలోగా గ్లాసు అందుకుని గటగటా తాగేశాడు. మూతి తుడుచుకుని రెండు చేతులూ చాపాడు. "సచ్చిన్నా? ఇంకో సీస ఇయ్యుండ్రి, అది గూడ తాగుత. ఇసమైతె నేనెందుకు తాగుత?"

గడప దగ్గరున్న జవాన్లు నవ్వారు. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు.

"చావవని నీకంత గట్టిగా ఎలా తెలుసురా? ఎంత కలిపిందీ కలిపినవాడికేగా తెలిసేది."

"మూతకు సీలున్నది గద సారు. నేనెట్ల గలుపుత?"

"మీ తమ్ముడు అడవిలో బాంబులు చుడుతున్నాడు. నీకు మూత బిగించడం రాదా?" ఒక్క క్షణం ఆగి, "పోనీ పులిసిందనే అనుకుందాం. మరి మీ దొర చూసుకోలేదా? ఆయన బాగుందంటున్నాడే?"

సాంబయ్య మాధవ రావు వైపు చూశాడు. వేలితో తీగ లేపి చూపించింది ఈ మనిషికే. వద్దు దొరా అన్నది ఈ మనిషితోనే. మాధవ రావు తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

"దొర తాగడు సారు," అన్నాడు సాంబయ్య. "ఆయినకు రుచేం తెలుస్తది."

ఆ తరువాత మాధవ రావును పంపేశారు.

ఇంటికి వచ్చి ముత్తవ్వతో, "రెండు రోజులల్ల ఇడుస్తరు. నేను జూస్తున్న," అన్నాడు. చూడటం మానలేదు కూడా. జగిత్యాలలో తెలిసిన పెద్దమనుషుల ఇళ్లు రెండు తిరిగాడు. ఆ క్యాంపు మాట వినగానే ఒకరికి ఊరికి పోయే పని పడింది, ఒకరికి నడుం నొప్పి వచ్చింది. అప్పుడు ఇంకో దారి వెతికాడు. ఊర్మిళ పెదనాన్న కొడుకు జనార్దన్ హైదరాబాదులో తినే తాగే వస్తువులు పరీక్షించే ల్యాబులో పనిచేస్తాడు. సీలు తీయని సీసాలు నాలుగు గడ్డిలో చుట్టి బుధవారం పొద్దున బస్సులో తనే తీసుకుపోయి ఇచ్చాడు. ఇది విషం కాదని కాగితం మీద రాసిస్తే చాలన్నాడు. కాగితం చూపిస్తే సాంబయ్య బయటికి వస్తాడు, తను నోరు విప్పే పనీ ఉండదు. రెండు వైపులా నష్టం లేని బేరం అది.

"పది రోజులు పడుతుంది బావా," అన్నాడు జనార్దన్. "ఇలాంటివి నెమ్మదిగా పెరుగుతాయి. పెరిగితే గాని కంటికి చిక్కవు."

"తొందరగ కాదా?"

"క్రిమిని తొందరపెట్టలేం కదా."

సాంబయ్యకు పది రోజులు దొరకలేదు. శుక్రవారం పొద్దున పేపర్లో నాలుగు వరుసల వార్త వచ్చింది. కొండగట్టు అవతలి గుట్టల్లో ఎదురుకాల్పులు, దళానికి పనిచేసే ఒకడు మృతి. పేరు సాంబయ్య అలియాస్ ఇంకేదో. ఆ రెండో పేరు సాంబయ్యకే తెలియదు.

శవాన్ని జగిత్యాలలో అప్పగించారు. ముత్తవ్వ బిడ్డను చంకన పెట్టుకుని బస్సులో వెళ్లింది. మాధవ రావు తరువాతి బస్సులో వెళ్లాడు. ఒకే బస్సు ఎక్కడానికి ఆయనకు కాళ్లు రాలేదు. ఆమె గుడ్డ ఎత్తి ముఖం చూడలేదు. ముందు పాదాలు చూసింది. రిక్షా తొక్కీ తొక్కీ కాయలు కాసిన పాదాలను అరచేత్తో తడిమి, ఇవే అన్నట్టు తల ఊపి, అప్పుడు ఏడ్చింది. కొంతసేపటికి తల ఎత్తి, దూరంగా వేపచెట్టు కింద నిలబడిన మాధవ రావును చూసింది. మళ్లీ పాదాల వైపు తిరిగింది. ఆ రోజు ఆమె ఒక్క తిట్టయినా తిట్టి ఉంటే బాగుండునని మాధవ రావుకు ఇప్పటికీ అనిపిస్తుంది.

దినాలు అయ్యాక ఆమె గుడిసె ఖాళీ చేసింది. సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లిలో అక్క చంద్రవ్వ దగ్గరికి పోతున్నానని ఊర్మిళకు మాత్రం చెప్పింది.

జనార్దన్ ఉత్తరం ఆ తరువాత వచ్చింది. ఆయన పద్ధతి గల మనిషి, ఒక్క ముక్క అడిగితే పేజీ నిండా రాశాడు. "సూక్ష్మదర్శినిలో గుండ్రటి కణాలు కనిపించాయి. ఒంటిగా ఉండవు, జంటలుగా, నాలుగేసి చొప్పున చదరంగా అతుక్కుని ఉంటాయి. పాలను పెరుగు చేసే క్రిములకు ఇది దగ్గరి చుట్టం. బీరులో చేదు కోసం ఒక తీగ పూలు వేస్తారు. ఆ చేదుకు మిగతా క్రిములు చాలావరకు చచ్చిపోతాయి, ఇది మాత్రం బతకడం నేర్చుకుంది. దీనికి గాలి అక్కర్లేదు. తిండి కొంచెం చాలు. మూత బిగించిన సీసాలో, చీకట్లో నిదానంగా పెరుగుతూ బీరును పులియబెడుతుంది, వెన్న వాసన తెస్తుంది, కొన్ని జాతులు తీగ సాగేలా జిగట పుట్టిస్తాయి. కంపెనీలో సీసాలను వేడినీళ్లలో సరిగా కాచి ఉంటే చచ్చేదే. ఆ కాపు సరిగా పడినట్టు లేదు. బయటివాళ్లు ఎవరూ ఏమీ కలపలేదు, కలపనక్కర్లేదు. దీనివల్ల సరుకు చెడుతుంది గాని మనిషికి హాని లేదు."

చివరి వాక్యాన్ని మాధవ రావు చాలాసార్లు చదివాడు. సాంబయ్య ఇదంతా గ్లాసులో వేలు ముంచి ఒక్క మాటలో చెప్పాడు. మిగిలిన చెడు సీసాలన్నీ మాధవ రావు మోరీలో వంచేశాడు. వారం రోజులు షాపు ముందు వెన్న కాచిన వాసన వచ్చింది.

వానలు పడ్డాక కోరుట్ల గోడల మీద పోస్టర్లు వెలిశాయి. సాంబయ్య చావుకు కారకులు వీళ్లే, శిక్ష తప్పదు అని ఎర్ర అక్షరాలతో పేర్లు. మాధవ రావు పాలవాడి సైకిలు చాటున నిలబడి, పై నుంచి కిందికి, కింది నుంచి పైకి చదివాడు. ఇన్‌స్పెక్టరు పేరు ఉంది. వార్త మోశాడని ఇంకెవరిదో పేరు ఉంది. తన పేరు లేదు. ఆ రోజు అన్నం సహించింది. ఎందుకు లేదో మాత్రం అర్థం కాలేదు. దేనికైనా కారణం తెలియకపోతే నిద్రపట్టని మనిషికి రెండేళ్లు ఆ కారణం దొరకలేదు.

రెండేళ్ల తరువాత ఒకనాడు, సిరిసిల్ల నుంచి వచ్చిన బట్టల వ్యాపారి మాటల్లో ముత్తవ్వ నూలు కండెలు చుట్టే షెడ్డు పేరు చెప్పాడు. మాధవ రావు జనార్దన్ ఉత్తరాన్ని చొక్కా జేబులో పెట్టుకుని బయల్దేరాడు.

షెడ్డులో సాంచెల, అంటే మరమగ్గాల మోత. మాట మాటకు అందదు. ముత్తవ్వ గడప పక్కన రాట్నం ముందు కూర్చుని నూలు చుడుతోంది. బిడ్డ పక్కనే ఖాళీ కండెలు వరుసగా పేర్చి బస్సు ఆట ఆడుతోంది. ముత్తవ్వ ఆయన్ను చూసి చేయి ఆపలేదు.

"మంచిగున్నవా దొరా? దొరసాని మంచిగున్నదా?"

"ఉన్నది." ఆయన అక్కడున్న పీట మీద కూర్చున్నాడు. ఉత్తరం తీశాడు. "ముత్తవ్వా, హైదరాబాదుల పరీక్ష జేయించిన. గా బీరుల ఇసం లేదట. ఒక క్రిమి ఉన్నదట. అది మనిషికేం జెయ్యదట. సాంబయ్య ఏం గలుపలేదని కాయితం మీద రాసిచ్చిండ్రు."

ముత్తవ్వ తెగిన దారాన్ని మునివేళ్లతో ముడివేసింది. రాట్నం మళ్లీ తిప్పింది.

"గది పులిసిందని ఆయిన గప్పుడే జెప్పె గద. దానికి కాయితమెందుకు?"

"నాకు..."

"నీకు గూడ ఎరుకే. రెండో శనివారం పొద్దుగాల పెట్టెలు ఎక్కియ్యంగ నాతోని అన్నడు. వద్దంటె దొర ఇంటలేడే, నేనున్న గద అంటున్నడు, ఏంజేద్దు అని."

సాంచెల మోత ఒక్కసారిగా ఆగిపోయినట్టయింది. నిజానికి ఆగలేదు.

"అంటె నీకు అంతా ఎరుకేనా?"

"ఎరుకే. అన్నలు గూడ అచ్చి అడిగిండ్రు. గిక్కడికే. తెల్లారకముందు అచ్చి, చెల్లే, సాంబన్న ఎట్ల సిక్కిండు, మీ దొర ఏం జెప్పిండు అని అడిగిండ్రు. మా మరిది గూడ ఉన్నడు గండ్ల. నేను ఒక్క మాటంటె నీ పని అయిపోతుండె."

"మరి?"

"దొరకు తెల్వదు, ఆయిన తాగడు అన్న." ఆమె అదే మాట, సాంబయ్య అన్న మాటే, ఎక్కడా గొంతు మారకుండా అన్నది. "దొరసాని యాదికొచ్చింది. రోజు గిన్నె పట్టుకొని గుడిసెల వంగి అచ్చేది. ఆమె బొట్టు నా నోటితోని ఎందుకు తీసెయ్యాలె? ఒక్కదానికి అయ్యింది సాలు."

మాధవ రావు ఏదో అనబోయాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది. కోపంగా కాదు, దారం తెగిందని.

"ఏమియ్యకు దొరా. ఇయ్యనీకె అచ్చినవని ఎరుకే. గా కాయితం గూడ వట్టుకపో. బిడ్డ పెద్దగయినంక సదువుతది. సదివి, మరి తెలిసి ఎందుకూకున్నరు అని అడిగితె నేనేం జెప్పాలె?"

బిడ్డ తల ఎత్తి, "అవ్వా, బస్సు పోతుంది, ఎక్కుతవా?" అని అడిగింది. ముత్తవ్వ, "నువ్వు పో బిడ్డా, నేను ఎనకొస్త," అంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. వేములవాడ దాటేదాకా మాధవ రావు ఏమీ ఆలోచించలేదు. దాటాక, అలవాటు కొద్దీ, మొదటినాడు చేతిలో ఏమున్నాయో ఇప్పుడేం మిగిలాయో చూసుకున్నాడు. ముప్పై ఎకరాలు కాగితం మీద ఉన్నట్టే ఉన్నాయి. లైసెన్సు ఉంది. రేకుల గది స్లాబు గది అయింది. ఐసు పెట్టె పోయి ఫ్రిజ్ వచ్చింది. ఊర్మిళ చేతులకు గాజులు తిరిగి వచ్చాయి, నుదుట బొట్టు ఉంది. తన ప్రాణం కూడా ఉంది. తను చూసుకుని, కాచుకుని, తెలివితో దక్కించుకున్నానని రెండేళ్లుగా అనుకుంటున్న ఆ ప్రాణం మాత్రం తన సంపాదన కాదు. ఒకసారి సాంబయ్య, ఒకసారి ముత్తవ్వ, ఒకే అబద్ధం రెండుసార్లు ఆడి చేతిలో పెట్టిపోయినది. దానికి బదులు తాను ఒక్క నిజం చెప్పవలసి ఉండింది. ఆ నిజం జేబులోనే ఉంది, నాలుగు మడతలుగా.

లెక్క సరిచూసుకుంటే వచ్చినవన్నీ ఉన్నాయి. ఇవి కాక, సాంబయ్య లేడు.